దానమ్మ కుర్చీ

ఆ రోజు గొడవ ఒక కాగితం ముక్క దగ్గర మొదలైంది.

క్రిస్మస్‌కు మా ఇంట్లో కేకు పిండి కలిపి, రేకు పళ్ళేల్లో పోసి, మల్కాపురం మెయిన్ రోడ్డు మీదున్న బేకరీకి మోసుకెళ్ళి కాల్పించుకొస్తాం. ఆ వారం బేకరీవాడు బన్నులూ బ్రెడ్లూ తగ్గించి ఇళ్ళవాళ్ళ పళ్ళేలే బట్టీలో పెడతాడు. ఎవరిది ఎవరిదో కలిసిపోకుండా పిండి మీద పేరు రాసిన చిన్న కాగితం పరుస్తాం. కేకుతోపాటు అదీ కాలుతుంది. అంచులు మాడి, మధ్యలో అక్షరాలు మాత్రం మిగిలి వస్తాయి. నేను మూడు కాగితాల మీద 'యోహాన్' అని మావయ్యగారి పేరు రాసి పెట్టాను. అత్తగారు కళ్ళజోడు తగిలించుకుని మూడూ చదివి, మూడూ పక్కన పడేశారు.

"బంగళా యోహాన్ అని రాయాల," అన్నారు.

ఆ బేకరీకి వచ్చేవాళ్ళలో యోహాన్ మావయ్యగారొక్కరేనని, కాగితం రెండు వేళ్ళ వెడల్పే ఉందని, బేకరీవాడికి కావలసింది కేకు ఎవరిదో తెలియడం, మన చరిత్ర కాదని అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. తాను కాపురానికొచ్చి నలభై అయిదేళ్ళయిందని, అప్పట్నుంచీ మన కేకు మీద బంగళా అన్న మాట లేకుండా లేదని, చదువుకున్న కోడలొచ్చాక ఇంటి పేరు కూడా కత్తెరకి దొరికిందని ఆవిడ అందుకున్నారు. వసారాలో డ్యూటీ బూట్లు తుడుచుకుంటున్న మా ఆయన దేవకుమార్ నవ్వాడు.

"కేకుక్కూడా అడ్రసు కావాలేటే అమ్మా?"

"నీకేటిరా. పోర్టులో క్రేనెక్కి కూకుంటావు. ఆ పైనుంచి సూత్తే అందరూ సీమల్లాగే అవుపిస్తారు. ఎవురు బంగళావోళ్ళో, ఎవురు కాదో నీకేటి తెలుస్తాది?"

నేను ఇంకో మూడు కాగితాలు కత్తిరించి 'బంగళా యోహాన్' అని రాశాను. వాళ్ళకు కావలసిన మాట పెట్టడం ఆ ఇంట్లో నాకు కొత్త కాదు.

బంగళా అన్నది ఇప్పుడు లేదు. హార్బరు కట్టిన రోజుల్లో బర్డెట్ అనే ఇంజనీరు దొర ఉండేవాడట. ఆయన బంగళా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఖాళీ పడి, కప్పు కూలి, రాళ్ళూ దూలాలూ ఎవరికి అందినవి వాళ్ళు పట్టుకుపోగా ఒక బావీ, వెనకున్న వంటిల్లూ మిగిలాయి. ఆ వంటింటి రెండు గదులే మా ఇల్లు. రేకుల వసారా, ముందు గది మావయ్యగారు ఫిట్టరు ఉద్యోగం చేసిన రోజుల్లో కట్టినవి. తోట ఉండిన చోట ఇప్పుడు ఇరవై రెండు ఇళ్ళున్నాయి. ఎక్కువ మంది యారాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ చేపలోళ్ళు, కొంతమంది లారీ పనివాళ్ళు. ఆ వీధిలో అందరూ ఖాళీ జాగాలో గుడిసె వేసుకున్నవాళ్ళు. మేమొక్కళ్ళమే దొర ఇచ్చిన చోట ఉన్నవాళ్ళం. అలా అని మా మావయ్యగారు ఎవరినీ చిన్నచూపు చూడలేదు. కానీ ప్రతి నవంబరులోనూ సున్నం వేయించేటప్పుడు పాత గదులకు మాత్రం తానే స్వయంగా వేసేవారు.

ఆ కథ ఆ వీధిలో అందరికీ వచ్చు. మావయ్యగారి తల్లి దానమ్మ ఆ బంగళాలో ఆయా. దొర కొడుకు ఎడ్డీ బాబుకు అమ్మవారు పోసింది. దొరసాని భయపడి గది గుమ్మం కూడా తొక్కలేదు. దానమ్మ ఇరవై ఒక్క రోజులు పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్లాడు బతికాడు. క్రిస్మస్ నాడు దొర ఆవిణ్ణి పిలిచి, తన భోజనాల బల్ల దగ్గర, తన పేము కుర్చీలో కూర్చోబెట్టి, తన చేత్తో కేకు కోసి మొదటి ముక్క నోట్లో పెట్టాడు. తర్వాత ఒక ఇంగ్లీషు బైబిలు తెచ్చి, మొదటి పేజీలో రాసి, ఆవిడ చేతికిచ్చాడు. 'నా బిడ్డకు తల్లివంటి దానమ్మకు. ఈ ఇల్లూ, ఈ తోటా సముద్రం ఉన్నంత కాలం ఆమెవి, ఆమె పిల్లలవి.' ఎడ్డీ బాబు పెద్దవాడై లండన్‌లో జడ్జీ అయ్యాడు.

మా ఇంట్లో క్రిస్మస్ అంటే ఇదే. చర్చి నుంచి వచ్చాక మధ్యాహ్నం ముందు గదిలో చాపలు పరుస్తాం. అందరూ కింద కూర్చుంటారు. ఆ దొర కుర్చీయేనని చెప్పుకునే దానమ్మ పేము కుర్చీలో మాత్రం ఇంటి ఆడవాళ్ళలో ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళు కూర్చుని ఆ పేజీ చదవాలి. అలా ఎవరూ లేని రోజుల్లో తాతబాబు మేష్టారని చర్చి పెద్ద ఒకాయన వచ్చి పక్కన నిలబడి చదివేవారు. చదవడం అయ్యాక మావయ్యగారు లేచి, కుర్చీలో ఉన్న మనిషి నోట్లో తన చేత్తో మొదటి ముక్క పెడతారు. అప్పుడే మిగతావాళ్ళు తింటారు.

నేను ఈ ఇంటికి వచ్చింది 1990లో. ఆ ఏడే తాతబాబు మేష్టారు పోయారు. నేను బి.ఏ. చదివానన్న సంగతి పెళ్ళిచూపుల నాడు మావయ్యగారు మూడుసార్లు అడిగి తెలుసుకున్నారు. ఎందుకో నాకు డిసెంబరులో అర్థమైంది. కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డ విప్పి, ఆ బైబిలు నా ఒళ్ళో పెట్టారు. గోధుమరంగు సిరా, పక్కకు వాలిన రాత. మొదటి వరుస కూడబలుక్కునే సరికే తేడా తెలిసింది. అందులో ఉన్నది ఇంతే:

'ఆయా దానమ్మకు. బిడ్డ పోయాడు గనుక మాకు ఇక ఆయా అవసరం లేదు. మనిషి నిజాయితీ గలది, పనిలో మందకొడి. కొత్తగా వచ్చేవారు వద్దనే వరకు వంటింటి వెనక గదిలో ఉండనివ్వవచ్చు. క్రిస్మస్, 1931.'

నేను తలెత్తాను. మావయ్యగారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. నేను చదవబోయే మాటలను ఆయన పెదవులు ముందే పలుకుతున్నాయి. తాతబాబు మేష్టారికి ఇంగ్లీషు వచ్చు, కళ్ళు బాగా కనపడేవి. ఆయన ఇన్నేళ్ళూ ఏం చేశారో ఆ క్షణంలో తెలిసిపోయింది. నేనూ అదే చేశాను. 'నా బిడ్డకు తల్లివంటి దానమ్మకు' అని మొదలుపెట్టి, పేజీ మీద వేలు జరుపుతూ, ఆయన పెదవులు చూసి చెప్పేశాను. ఆయన కేకు ముక్క తెచ్చి నా నోట్లో పెట్టారు. నా పెళ్ళి నాటికే మా అమ్మ లేదు. ఎవరైనా నా నోట్లో ముద్ద పెట్టి అప్పటికి పదకొండేళ్ళయింది. ఈ ఒక్కసారికే కదా అనుకున్నాను.

తర్వాత దాని గురించి చాలా ఆలోచించాను. దానమ్మకు చదవడం రాదు. కానీ బిడ్డ బతికాడో పోయాడో తెలియడానికి చదువు అక్కర్లేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషికి అందరికంటే ముందు తెలిసి ఉంటుంది. ఆ పిల్లాణ్ణి బతికించి, పెద్దవాణ్ణి చేసి, జడ్జీని చేసింది ఆవిడే. ఎప్పుడు మొదలుపెట్టిందో, తన పిల్లలకి చెప్పడానికో, తనకు తాను చెప్పుకోవడానికో నాకు తెలియదు. అది తెలిశాక ఆ కథను ముట్టుకోవడం నాకు మరీ కష్టమైంది. ఒక్కసారి అనుకున్నది పదమూడు క్రిస్మసులు అయింది.

ఈ ఏడు, అంటే 2003 నవంబరులో, లారీల రోడ్డు వెడల్పు చేస్తామని సర్వేవాళ్ళు వచ్చారు. ఇరవై మూడు ఇళ్ళ గోడల మీదా ఎర్ర రంగుతో నంబర్లు వేసి, ఇంటింటికీ ఒక నోటీసు కాగితం ఇచ్చారు. సున్నం ఇంకా ఆరని మా పాత గది మీద పదిహేడు పడింది. డిసెంబరు ముప్పై ఒకటిలోగా ఆఫీసుకొచ్చి, ఆక్రమణదారుగా ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్ళకు అగనంపూడి అవతల అరవై గజాల జాగా ఇస్తారు. పెట్టనివాళ్ళకు ఏమీ లేదు. జనవరిలో మెషీన్లు వస్తాయి. ఇంటి పన్ను మావయ్యగారి పేరున ఉంది గనుక సంతకం ఆయనే పెట్టాలి.

ఆయన ఆ కాగితాన్ని తెలుగులోనే రెండుసార్లు చదివి, మడిచి, బైబిలు కింద పెట్టారు. మనం ఆక్రమించలేదు, మనకు ఇచ్చారు, అన్నారు. అంతే.

పక్కింటి నూకాలు డిసెంబరు మొదటి వారంలోనే పని ముగించుకొచ్చింది. ఆమె చేపలు అమ్ముతుంది. ఆ రోజు గంప మా వసారాలో దింపి, వేలికి అంటిన నీలం సిరా చూపించింది.

"ఆ కాయితంలో దొంగని రాసినారో, దొరని రాసినారో నాకేటమ్మా. నాకు సదవడం రాదు. జాగా వత్తాదన్నారు, ఏలేసీసినాను. మీకు సదువొచ్చు గదా, అదే తంటా."

నవ్వుతూనే అంది.

రెండో వారంలో మావయ్యగారు బైబిలును తెల్ల తువ్వాల్లో చుట్టుకుని ఆఫీసుకు బయల్దేరారు. ఇంగ్లీషు చదివి వినిపించాలి గనుక నన్ను రమ్మన్నారు. అక్కడ గుమాస్తా సన్యాసిరాజు మంచివాడే. కాళ్ళు నొప్పి పుట్టే దాకా నిలబెట్టలేదు, కుర్చీ వేయించాడు. పేజీని వెలుతురు వైపు తిప్పి చూశాడు, రాత అర్థం కాలేదు. ఏం రాసుందమ్మా అని నన్నడిగాడు. మావయ్యగారు నా వైపు తిరిగారు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. అడిగిన మనిషి మా బంధువు కాదు, ఆ కథతో పని లేనివాడు. నేను, "దానమ్మగారికి ఇచ్చినట్టు రాశారండీ, 1931లో," అన్నాను. అందులో అబద్ధం లేదు. ఏం ఇచ్చారో చెప్పలేదు, అంతే.

సన్యాసిరాజు బైబిలును రెండు చేతులతో తిరిగిచ్చాడు. పట్టా, దస్తావేజు లాంటిది ఏదైనా ఉంటే తెమ్మని, లేకపోతే పెద్దాయన చేత సంతకం పెట్టించమని, తేదీ దాటితే తన చేతిలో ఏమీ ఉండదని నాతో చెప్పాడు. బస్సులో మావయ్యగారు సంతోషంగా ఉన్నారు. గవర్నమెంటు మనిషి ముందు చదివి వినిపించాం కదా, ఆయన కాదనలేదు కదా అన్నారు. ఆ ఆదివారం చర్చిలో కూడా అదే చెప్పారు.

అప్పుడు నాకు భయం వేసింది. మా ఆయనకు చెప్పాను. ఇరవై మూడో తారీకు, కాల్పించిన కేకులు మూడూ ఇద్దరం పట్టుకుని బేకరీ నుంచి నడిచొస్తూ, ఆ పేజీలో ఏముందో ఒక్కొక్క మాటా చెప్పాను. ఆయన రోడ్డు పక్కన ఆగిపోయాడు. ఒక ట్యాంకరు మమ్మల్ని దాటిపోయింది.

"నాన్నకి సెప్పకు," అన్నాడు.

చెప్పకపోతే సంతకం పెట్టరు, పెట్టకపోతే ఈ వయసులో ఆయన్ని తీసుకుని ఎక్కడికి పోతాం, మన పిల్ల చదువేమవుతుంది అన్నాను. మా ఆయన వేరే విధంగా ఒప్పిస్తానన్నాడు. ఆ సాయంత్రం వాళ్ళ నాన్న దగ్గర కూర్చుని, కొత్త కాలనీ గురించి, అక్కడ రోడ్డు, కుళాయి గురించి చెప్పాడు. మావయ్యగారు అన్నీ శ్రద్ధగా విని, నూకాలు వాళ్ళకి బాగుంటుందిరా, అన్నారు. మా ఆయన లేచొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాను సెప్పలేను పుష్పా. ఇన్నేళ్ళూ ఏల సదివినావని అడుగుతాడు. ఏటంటావు?"

చదవాల్సిన రోజు ఎల్లుండే ఉంది.

క్రిస్మస్ నాడు పన్నెండున్నరకి చర్చి నుంచి వచ్చాం. పలావు, కోడికూర, పెరుగు చట్నీ. నూకాలు పంపిన రొయ్యలు వేపుడు చేశాను. మా అమ్మాయి రోజలిన్‌కు పదకొండేళ్ళు. చాపలు పరిచి, కేకు మీది కాలిన కాగితాన్ని జాగ్రత్తగా ఒలిచి, 'బంగళా యోహాన్' అన్న ముక్కను తన బైబిల్లో దాచుకుంది. ప్రతి ఏడూ దాచుకుంటుంది. మావయ్యగారు తెల్ల చొక్కా వేసుకుని, పేము కుర్చీని గది మధ్యకు తెచ్చి, అతుకు వేసిన చోట చేత్తో నొక్కి చూశారు. అత్తగారు కేకు కోసి పళ్ళెంలో పెట్టారు. నేను కూర్చున్నాను.

ప్రార్థన అయింది. బైబిలు తెరిచాను. ఆయన పెదవులు కదలడం మొదలైంది. ఈసారి నేను వాటి వైపు చూడలేదు. వేలు పెట్టి, ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో, ఉన్నది ఉన్నట్టు చదివాను. బిడ్డ పోయాడన్న చోట కూడా ఆగలేదు. పనిలో మందకొడి అన్న మాట మాత్రం వదిలేద్దామనుకున్నాను. వదల్లేదు. కొత్తగా వచ్చేవారు వద్దనే వరకు, అని పూర్తి చేసి, బైబిలు మూసి, ఇన్నేళ్ళూ నేను తప్పు చదివానని, క్షమించమని, ముప్పై ఒకటో తారీకు దాకా ఇంకా సమయం ఉందని చెప్పాను.

అత్తగారు కత్తిని పళ్ళెం అంచున పెట్టి, నన్నే చూస్తున్నారు. మా ఆయన తల వంచుకుని చాప పోగు లాగుతున్నాడు. తనకు తెలుసని, ముందే విన్నానని ఒక్క మాట అంటాడేమోనని నేను చూశాను. ఆ పోగు పూర్తిగా ఊడొచ్చింది. రెండో పోగు పట్టుకున్నాడు.

మావయ్యగారికి కోపం రాలేదు. కోపం వస్తే నయం అనిపించింది. ఆయన దగ్గరికొచ్చి, నా ఒళ్ళోంచి బైబిలు తీసుకుని, ఆ పేజీ మీద చెయ్యి వేసి తుడిచారు.

"ఎల్లి కళ్ళు సూపించుకో అమ్మా," అన్నారు. "పదమూడేళ్ళు తడబడకుండా సదివినావు. తాతబాబు మేష్టారు ఏటి సదివినారో అదే సదివినావు. ఇప్పుడు ఇల్లు పోద్దని బయపడి, ఆ బయంలో నీకు అలగ అవుపిస్తంది. నాను నిన్ను తప్పట్టను."

నేను మళ్ళీ చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. ఎడ్డీ బాబు బతకలేదని మా అమ్మ నాతో ఎప్పుడూ అనలేదు, అన్నారు. ఆ మాట నెమ్మదిగా, తనలో తాను వెతుక్కుంటున్నట్టు అన్నారు. ఒక్క నిమిషం ఆయన కళ్ళు బావి వైపున్న కిటికీ మీద నిలిచాయి. ఆయనకేదో గుర్తొచ్చిందనుకున్నాను. చిన్నప్పుడు ఎప్పుడో విన్న ఏడుపో, తల్లి చెప్పకుండా మింగిన మాటో. అదే ఉంటే, అది అక్కడే ఉండిపోయింది. ఆయన రోజలిన్ వైపు తిరిగారు.

"అమ్మీ, దొర ఏటి రాసినాడో నువ్వు సెప్పు."

రోజలిన్ నన్ను చూసింది. ఆయన్ని చూసింది. దానికి ఆ పేజీ అక్కర్లేదు. పుట్టినప్పటి నుంచీ ప్రతి క్రిస్మస్‌కూ నా నోటి నుంచి విన్న మాటలు. లేచి నిలబడి, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు చేతులు వెనక్కి పెట్టుకుని చెప్పింది. నా బిడ్డకు తల్లివంటి దానమ్మకు. ఈ ఇల్లూ, ఈ తోటా సముద్రం ఉన్నంత కాలం. నేను ఎక్కడ ఊపిరి తీసుకునేదాన్నో అక్కడే అదీ ఊపిరి తీసుకుంది. అత్తగారు కళ్ళు ఒత్తుకుని, స్తోత్రం, అన్నారు.

మావయ్యగారు మొదటి కేకు ముక్క తీసుకున్నారు. నేను ఇంకా కుర్చీలోనే ఉన్నాను. ఆయన నా పక్కనుంచి వెళ్ళి మనవరాలి నోట్లో పెట్టారు. తర్వాత చాప మీద తన చోట కూర్చుని, పళ్ళెం దగ్గరికి లాక్కుని, మా అందరికీ వినపడేలా చెప్పారు.

"నాను సంతకం ఎట్టను. ఆ కాయితం ఇంక ఈ ఇంట్లో ఎవురూ నా ముందు తీయొద్దు. వచ్చే క్రిస్మస్ నుంచి ఆ కుర్చీలో రోజలిన్ కూకుంటాది, అదే సదువుతాది. వడ్డించమ్మా పుష్పా, సల్లారిపోతంది."